శవం ఎవరిది? – చందమామ బేతాళ కథల పునఃపఠనం

చందమామ గురించి తెలుగులో రాసినదాంట్లో ఎక్కువ భాగం మురిపెమే. వేసవి సెలవులు, తాతగారి ఊరు, అటక మీద దుమ్ము పట్టిన బైండు పుస్తకాలు. ఆ తాత ఎవరు, ఆ అటక ఎవరింట్లోది అని అడిగినవాళ్లు తక్కువ. మేమూ చందమామ చదివే పెరిగాం. కాకపోతే మాకు అటక లేదు. గోదావరిఖనిలో ఇరుకు క్వార్టరు, అందులో ఏడుగురం. మా బాపు డ్యూటీ దిగి వస్తూ వస్తూ పాత పేపర్ల దుకాణంలో కిలోల లెక్కన అమ్మే కట్టల్లోంచి నాలుగైదు సంచికలు ఏరుకొచ్చేవాడు. ఆయనకు చదువు రాదు, బొమ్మలు చూసి ఏరేవాడు. ఒకదానికి ముందట్ట ఉండదు, ఇంకోదానికి చివరి పేజీలుండవు. ఏ నెల తర్వాత ఏ నెలదో తెలియదు. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన 'రాకాసిలోయ' చివరికి ఏమైందో మాకు ఏళ్ల తరబడి తెలియలేదు. అటువంటి చదువరికి పూర్తిగా దక్కేది ఒక్కటే, ఏ నెలకానెల మొదలై ఆ నెలలోనే తెగిపోయే బేతాళ కథ. అట్లా మా ఇంట్లోకి వచ్చిన మొదటి సాహిత్యం ఒక శవం చెప్పిన కథ.

ఇప్పుడు ముప్పై దాటినంక, పరిశోధన పేరుతో ఆ కథలను మళ్లీ చదివాం. ఈసారి పక్కన కథాసరిత్సాగరం పెట్టుకుని చదివాం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు కాబట్టి, చిన్నప్పటి చదువును తిరగదోడటం మాకు ముచ్చట పనేం కాదు. మమ్మల్ని తయారు చేసిన అక్షరంలో మేం ఎక్కడున్నామో వెతుక్కోవడమే.

చందమామ 1947 జులైలో మొదలైంది. నాగిరెడ్డి, చక్రపాణి దాన్ని పెట్టారు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు దాని బాధ్యత మోశాడు. విరసంలో ఉన్న మనిషి, దయ్యాలను నమ్మని మనిషి, నెలనెలా ఒక బేతాళుణ్ణి చెట్టుకు వేలాడదీస్తూ వచ్చాడు. ఇది తప్పని మేం అనడం లేదు గానీ ఆ ముచ్చట మీద ఎవరైనా వివరంగా రాస్తే బాగుండు. మూలంలో ఉన్నవి పాతిక కథలే. చందమామ ఆ చట్రాన్ని ఉంచుకుని లోపల కొత్త కథలు పెడుతూ దశాబ్దాల పాటు వందల కథలు నడిపింది. చట్రం మాత్రం మారలేదు. అర్ధరాత్రి, శ్మశానం, పుర్రెలు, చెట్టు మీద శవం. రాజు దాన్ని దించి భుజాన వేసుకుని మాట్లాడకుండా నడుస్తాడు. శవంలోని బేతాళుడు, మోత బరువు తెలియకుండా ఉండటానికని చెప్పి, ఒక కథ ఎత్తుకుంటాడు. చివర ఒక ప్రశ్న. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనం చెడి శవం మళ్లీ చెట్టెక్కుతుంది.

ఈ చట్రానికి బొమ్మ శంకర్‌ది. ఒక చేత కత్తి, భుజం మీద శవం, చుట్టూ చీకటి. తెలుగు పిల్లలు భయపడటం నేర్చుకున్న బొమ్మ ఇదే అనుకోవచ్చు. ఒకనాడు మా బాపు దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "గీ రాజు ఎన్నడు బరువు మోసినోడు కాదు" అన్నాడు. ఎందుకని అడిగితే, "మోసెటోని మెడ గట్ల నిలవడది. నడుం వంగుతది. గంత దూరం నడిచెటోడు ఒక్కసారన్న భుజం మార్సడా?" అన్నాడు. ఆయన కోల్ ఫిల్లర్. తట్టతో బొగ్గెత్తి టబ్బులో పోయడం ఆయన పని. ఆ రోజు మేం నవ్వుకున్నాం. బేతాళ కథల మీద మేం విన్న మొదటి విమర్శ అదేనని ఇప్పుడు తెలుస్తున్నది. దాన్ని దాటిపోయే విమర్శ ఆ తర్వాత కూడా మాకు పెద్దగా దొరకలేదు.

ఎందుకంటే అసలు ప్రశ్న అక్కడే ఉంది. శ్మశానంలో శవం మోసేది ఎవరు? మనుస్మృతి పదో అధ్యాయం ఈ విషయంలో ఏ అనుమానమూ మిగల్చలేదు. దిక్కులేని శవాలను మోసుకుపోవలసింది చండాలుడు. చచ్చినవాళ్ల బట్టలు కట్టుకోవలసిందీ అతడే. మన ఊళ్లలో చావు కబురు పొరుగూరికి మోసింది ఎవరు, డప్పు కొట్టింది ఎవరు, గొయ్యి తవ్వింది ఎవరు అనేది ఈ పత్రిక చదివేవాళ్లకు చెప్పనక్కర లేదు. మరి ఇన్ని వందల రాత్రుల పాటు రాజు తిరిగిన ఆ శ్మశానంలో కాటికాపరి ఏడీ? మాకు దొరికిన సంచికల్లో ఒక్కసారి కూడా కనపడలేదు. నక్కలున్నాయి, గుడ్లగూబలున్నాయి, పిశాచాలున్నాయి. ఆ నేలను ఊడ్చి బతికే మనిషి లేడు. మనిషిని తీసేసి అతని పనిని రాజు భుజం మీద పెట్టారు. పెట్టగానే వెట్టి సాహసం అయింది. ఆ పని తరతరాలుగా చేసినవాళ్లకు అంటు మిగిలితే, ఒక్కసారి చేసిన రాజుకు 'పట్టువదలని' అనే బిరుదు దొరికింది.

హరిశ్చంద్ర నాటకంలో కనీసం వీరబాహువైనా ఉన్నాడు. అక్కడ రాజు కాటికాపరి కావడం పతనం, ఇక్కడ శవం మోయడం పరాక్రమం. రెండూ రాజు కథలే. ఆ కాటిసీనులో మన జాషువా పద్యాలు పాడి చప్పట్లు కొట్టించుకున్న నటులెందరో ఉన్నారు. ఆ పద్యాలు రాసిన మనిషిని ఊళ్లో ఎక్కడ కూర్చోబెట్టారన్నది వేరే సంగతి.

ఇక రాజు చెప్పే జవాబుల దగ్గరికి వద్దాం. కథాసరిత్సాగరం 11వ శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసింది. అందులో ఈ రాజు పేరు త్రివిక్రమసేనుడు, ఊరు గోదావరి ఒడ్డున ఉన్న ప్రతిష్ఠానం. అంటే ఇప్పటి పైఠాన్. యూనివర్సిటీ లైబ్రరీలో టానీ ఇంగ్లిష్ అనువాదంలో ఆ మాట చదివినప్పుడు మేం ఒక నిమిషం ఆగిపోయాం. మా గోదావరే. ఆ రాజు ఊరి నుంచి దిగి వచ్చిన నీళ్లే మా ఖని పక్కన పారుతున్నాయి. దూరదేశపు కథ అనుకున్నది మా ఏటి ఎగువ కథ.

పాతికలో తొమ్మిదో కథ ఇది. ఒక రాకుమార్తెకు నలుగురు వరులు వస్తారు. మొదటివాడు శూద్రుడు, నేతగాడు. రోజుకు అయిదు జతల బట్టలు నేస్తాడు. ఒక జత బ్రాహ్మణుడికి, ఒకటి దేవుడికి, ఒకటి తనకు. నాలుగోది రాబోయే భార్యకు. అయిదోది అమ్ముకుని తింటాడు. రెండోవాడు వైశ్యుడు, పశుపక్ష్యాదుల భాష తెలిసినవాడు. మూడోవాడు క్షత్రియుడు, కత్తిలో మొనగాడు. నాలుగోవాడు బ్రాహ్మణుడు, చచ్చినవాళ్లను బతికించగలడు. పిల్లను ఎవరికియ్యాలె? రాజు జవాబు చిటికెలో వస్తుంది. క్షత్రియ కన్యను నేతగాడికి ఎట్లా ఇస్తారు? పక్షుల భాషతో వైశ్యుడికి ఏం పని? బ్రాహ్మణుడు తన ధర్మం వదిలి గారడీ పట్టాడు. కాబట్టి కత్తివాడికే. నలుగురిలో రోజూ పని చేసి పదిమందికి బట్ట ఇచ్చేవాడు ఒక్కడే. లెక్కలోకి రానివాడూ మొదట అతడే. బేతాళుడు ఈ జవాబును ఒప్పుకుని చెట్టెక్కుతాడు. మా అభ్యంతరం ఇక్కడే. ప్రశ్న అడిగేవాడు దయ్యమైనా తీర్పు చెప్పేది వర్ణధర్మమే. అందుకే ఈ కథల్లో చీకటి శ్మశానంలో కన్నా జవాబులో ఎక్కువుంది.

ఆరో కథ ఇంకా లోతుకు పోతుంది. అందులో వాళ్లు చాకలివాళ్లు. ధవళుడు, అతని భార్య మదనసుందరి, ఆమె అన్న. మగవాళ్లిద్దరూ గౌరి గుళ్లో తలలు నరుక్కుంటారు. దేవి కరుణిస్తే ఆ పిల్ల కంగారులో తలలు తారుమారు చేసి అతికిస్తుంది. ఇప్పుడు భర్త ఎవరు? భర్త తల ఉన్నవాడే, ఎందుకంటే అవయవాల్లో తల గొప్పది అంటాడు రాజు. ఈ కథను థామస్ మన్ 1940లో జర్మన్‌లో తిరగరాశాడు, గిరీశ్ కర్నాడ్ 1971లో 'హయవదన' చేశాడు. కర్నాడ్ చేతికొచ్చేసరికి తల బ్రాహ్మణుడిది, ఒళ్లు కమ్మరి కొడుకుది అయింది. విమర్శకులు దీన్ని మనసు–శరీరం సమస్య అన్నారు. మాకు మాత్రం ఇది పురుషసూక్తం నుంచి వచ్చిన పాత సమస్యే. తల ఒకరు, కాళ్లు ఒకరు. సోమదేవుడి కథలో పాత్రలన్నీ చాకలివాళ్లే అన్న సంగతి మాత్రం ఈ ఖ్యాతి అంతటిలో ఎక్కడో జారిపోయింది.

తలా ఒళ్లూ తారుమారవడం బొగ్గుబాయిల ప్రాంతంలో పుట్టినవాళ్లకు కొత్త కాదు. మా దగ్గర మారుపేర్లు అనే మాట ఉంది. ఒకరి పేరు మీద ఇంకొకరు బాయిలో పనికి కుదిరారు. కాగితంలో ఒకడు, ఫేస్‌లో ఒకడు. ముప్పై ఏళ్లు మస్టర్ పడింది కాగితంలోని పేరుకు, ఊపిరితిత్తుల్లో దుమ్ము పడింది రెండోవాడికి. వారసుల ఉద్యోగాల దగ్గరికి వచ్చేసరికి ఆ ఇండ్లలో పిల్లలు మా నాయన ఈయనే అని రుజువు చేసుకోవలసి వచ్చింది. త్రివిక్రమసేనుణ్ణి అడిగితే ఏమంటాడో మాకు తెలుసు. తల ఎవరిదైతే వాడే అంటాడు. ఇక్కడ తల అంటే కాగితం.

చందమామ ఈ మూల కథల పదును తీసేసింది. అందులో మంచీ ఉంది, చెడ్డా ఉంది. వర్ణం పేరు పెట్టి తీర్పు చెప్పే రాజు అక్కడ అరుదు. అతడు మనుషుల మనసులోని గుట్టు విప్పుతాడు. ఫలానావాడు బహుమానం ఎందుకు వద్దన్నాడు, ఫలానామె ఎవరికీ చెప్పకుండా ఎందుకు పోయింది అనే తీరు ప్రశ్నలు. ఇది కుటుంబరావు మార్కు అనిపిస్తుంది. కానీ ఆ కథల ఊళ్లను గమనించండి. కుమ్మరి ఉన్నాడు, గొర్రెల కాపరి ఉన్నాడు, మంగలి ఉన్నాడు, పేదబ్రాహ్మడు సరే సరి. మేం తిరగేసిన సంచికల్లో ఊరి బయటి వాడ లేదు. సోమదేవుడు నేతగాణ్ణి నిలబెట్టి నీకు పిల్లనియ్యం అన్నాడు. చందమామ అసలు నిలబెట్టనే లేదు. కులం పోయి దాని స్థానంలో స్వభావం వచ్చింది. వాడు స్వతహాగా అసూయాపరుడు, వీడు స్వతహాగా ఉదారుడు. మొదటిదాన్ని మనం ఎదిరించగలం, కనపడుతుంది కాబట్టి. రెండోదాన్ని చిన్నప్పుడు ముద్దుగా మింగాం.

ఇంత చెప్పి, మేం ఆ కథలకు రుణపడలేదంటే అబద్ధమవుతుంది. మా బడిలో ప్రశ్న అడగడం తప్పు. చందమామలో ప్రతి కథా ప్రశ్న దగ్గర ఆగేది. జవాబు చదవకుండా వేలు అడ్డం పెట్టి, అక్కాతమ్ముళ్లం వాదించుకునేవాళ్లం. మేం కూర్చున్న మొదటి సెమినార్ అదే, కిరసనాయిలు దీపం దగ్గర, కరెంటు పోయిన రాత్రుల్లో. చాలాసార్లు మా జవాబు రాజు జవాబు కన్నా నయమని మా అక్క ఇప్పటికీ అంటది.

మౌనం గురించి ఒక మాట. చెబితే శవం పోతుంది, చెప్పకపోతే తల పోతుంది. పెద్ద చదువులకు పోయిన మావాళ్లకు ఈ ఇరుకు బాగా తెలుసు. బడిలో ఒకసారి మీ నాయన ఏం చేస్తాడని అడిగితే 'బాయి దిగుతడు' అన్నాం. పంతులు తరగతి అంతటినీ చూసి నవ్వి, గని అనాలిరా అన్నాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు తెలిసిన జవాబులు కూడా నోట్లోనే పెట్టుకున్నాం. యూనివర్సిటీలో మాట్లాడితే 'ఎమోషనల్' అన్నారు, మాట్లాడకపోతే 'వీక్' అన్నారు. ఇట్లాంటి నవ్వు కథాసరిత్సాగరం మొదట్లోనే ఉండటం మాకు ఆశ్చర్యమే. శాతవాహన రాజుకు సంస్కృతం రాదు. జలక్రీడలో రాణి 'మోదకైః' అంటే, నీళ్లతో కొట్టొద్దు అన్నదని తెలియక లడ్లు తెప్పించాడు. రాణి నవ్వింది, రాజు మంచం పట్టాడు. రాజుకు ఆరేళ్లలో సంస్కృతం నేర్పుతానన్న గుణాఢ్యుడు, ఆరు నెలల్లో నేర్పుతానన్నవాడితో పందెం ఓడి సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ వదిలేశాడు. అడవికి పోయి పిశాచాల భాష నేర్చుకుని, సిరా లేక తన నెత్తురుతో ఏడు లక్షల శ్లోకాలు రాశాడట. పైశాచి అని రాజు తోసేశాడు. ఆయన ఒక్కొక్క పత్రం చదివి నిప్పులో వేస్తుంటే జంతువులు మేత మాని విన్నాయట. ఆరు లక్షలు కాలాక రాజుకు బుద్ధొచ్చింది. కట్టుకథే కావచ్చు. కానీ ఎవరి భాష పైశాచి, ఎవరి నెత్తురు సిరా అని అడిగే హక్కు ఆ కట్టుకథే మనకిచ్చింది. బృహత్కథ పైశాచి మూలం ఇవాళ దొరకదు. దొరికేవి సంస్కృతం వాళ్లు తమ భాషలోకి మార్చుకున్నవి, ఆ తర్వాతి తిరగరాతలు.

2003 జూన్ 16న గోదావరిఖనిలో ఏడో నంబర్ ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూకి 17 మంది కార్మికులు చనిపోయారు. అప్పుడు మేం పిల్లలం. పెద్దవాళ్ల వెంట పోయి గని బయట గుంపులో నిలబడ్డాం. శవాన్ని మోసుకుని మాట్లాడకుండా నడవడం ఎట్లుంటదో అక్కడ చూశాం. ఎవరి చేతిలోనూ కత్తి లేదు. మోసేవాళ్లు భుజాలు మార్చుకున్నారు. తర్వాత చాలా కాలం బేతాళ కథ ముట్టుకోలేదు.

మళ్లీ ముట్టుకున్నప్పుడు చివరి ప్రశ్న దగ్గర ఆగాం. తండ్రీకొడుకులు ఇద్దరు, తల్లీకూతుళ్లు ఇద్దరు. కొడుకు తల్లిని చేసుకున్నాడు, తండ్రి కూతుర్ని చేసుకున్నాడు. వాళ్లకు పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు? ఎవరిని ఎవరికియ్యాలో తడుముకోకుండా చెప్పిన రాజు ఇక్కడ నోరు మూసుకున్నాడు. తెలియదు కాబట్టి తల పగల్లేదు, మాట్లాడలేదు కాబట్టి శవం పోలేదు. కులానికి మూలం సొంత కులంలోనే పెళ్లి అని అంబేద్కర్ 1916లో కొలంబియాలో చదివిన వ్యాసంలో తేల్చాడు. పెళ్లి గీతలు చెరిగితే ధర్మశాస్త్రం దగ్గర పిలవడానికి వరస కూడా ఉండదు. ఇన్ని కథల పాటు బేతాళుడు ఈ ప్రశ్న కోసమే రాజును తిప్పాడా అనిపిస్తుంది. అయితే ఆ మౌనానికి మెచ్చుకుని రాజు ప్రాణం కాపాడింది కూడా బేతాళుడే. దయ్యం చివరికి రాజు పక్షానే నిలబడింది.

ఇక శవం సంగతి. సోమదేవుడు దానికి ఊరూ పేరూ ఇవ్వలేదు, చందమామా ఇవ్వలేదు. ఇచ్చింది హిందీ 'బైతాల్ పచ్చీసీ'. 1805లో ఫోర్ట్ విలియం కాలేజీలో లల్లూలాల్, మజహర్ అలీ ఖాన్ విలా కలిసి తయారు చేసిన పుస్తకం అది. దాని ప్రకారం ఒకే నగరంలో ఒకే ఘడియలో ముగ్గురు పుట్టారు. ఒకడు రాజింట్లో, ఒకడు గాండ్లవాళ్లింట్లో, ఒకడు కుమ్మరింట్లో. కుమ్మరివాడు తపస్సు చేసి యోగి అయ్యాడు. అతడే గాండ్ల అతన్ని చంపి చెట్టుకు తలకిందులుగా వేలాడదీశాడు. రాజును కూడా బలిస్తే అతని పని పూర్తవుతుంది. అంటే చిన్నప్పుడు మమ్మల్ని భయపెట్టిన ఆ శవం గానుగ తిప్పినవాడిది. ఆ దొంగ సన్యాసి మట్టి తొక్కినవాడు, శంబూకుడి లాగా తనది కాని తపస్సుకు ఎగబడినవాడు. సాష్టాంగం ఎట్లా పడాలో చూపించమని రాజు అతని తల నరికాడు.

ఆ తర్వాత ఒక చిన్న వాక్యం ఉంది, దాన్ని మేం రెండుసార్లు చదివాం. రాజు ఆ రెండు శవాలనూ కాగుతున్న నూనె కొప్పెరలో వేస్తాడు. అందులోంచి ఇద్దరు వీరులు లేచి, ఏమి ఆజ్ఞ అంటారు. నేను తలచుకున్నప్పుడు రండి అంటాడు రాజు. మా బాపుకు చదివి వినిపించాం. ఆయన రిటైరై చాలా కాలమైంది, దగ్గు తగ్గలేదు. అంతా విని, "అంటే బదిలీ ఫిల్లర్లన్నట్టు" అన్నాడు. పర్మినెంటు కాకముందు ఆయన రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని బాయి మీదికి పోయి పేరు పిలుస్తరా లేదా అని నిలబడేవాడు. పిలవకపోతే డబ్బా విప్పకుండానే ఇంటికి తెచ్చేవాడు.